వెలిగొండల దగ్గర కూర్చుని వసంతంలో వలస గద్దలను లెక్కించడం ఎలా: సమగ్ర మార్గదర్శి

ఉగాది దగ్గరపడుతుంటే పాఠకుల నుంచి ఒకే ప్రశ్న పదేపదే వస్తోంది. శీతాకాలం మన పొలాల్లో, చెరువుల మీద గడిపిన గద్దలు, డేగలు ఉత్తరానికి తిరిగి వెళ్లేటప్పుడు వాటిని పద్ధతిగా లెక్కపెట్టాలంటే ఎక్కడ కూర్చోవాలి, ఏం రాసుకోవాలి అని. ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉండేవారి కోసం ఆ పనిని మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ వివరిస్తున్నాను. బైనాక్యులర్ పట్టుకోవడం వచ్చి, పది పదిహేను రకాల పక్షులను గుర్తుపట్టగలిగితే చాలు, మొదలుపెట్టవచ్చు.

## 1. కాలం, అంచనా

ఫిబ్రవరి రెండో సగం నుంచి ఏప్రిల్ చివరి దాకా లెక్కకు తగిన కాలం. అంతా కుదరకపోతే మార్చి నెలను వదలకండి. పిల్లిగద్దలు, అంటే పొలాల మీద తక్కువ ఎత్తులో తిరిగే హారియర్లు, ఎక్కువగా మార్చిలో, ఏప్రిల్ మొదటి రోజుల్లో ఖాళీ చేస్తాయి.

వేల పక్షులు బారులు తీరి కనిపిస్తాయని అనుకోవద్దు. సముద్రానికీ కొండకూ మధ్య ఇరుకైన దారి ఉన్న దేశాల్లో గద్దలన్నీ ఒకే చోటికి చేరక తప్పదు. మన దగ్గర అలాంటి ఇరుకు లేదు. పక్షులు ద్వీపకల్పమంతటా పరుచుకుని వెళతాయి. గంటసేపు కూర్చుంటే రెండు కనిపించవచ్చు, ఒక్కటీ కనిపించకపోవచ్చు. ఆ సున్నా కూడా లెక్కలో భాగమే. దాన్ని రాయడానికి మనసొప్పని వారు ఈ పనికి దిగకపోవడం మంచిది.

రోజులో ఉదయం 7:30 నుంచి 11:30 వరకు ప్రధాన వేళ. రాత్రి చెట్ల మీద, పొలాల్లో దిగిన పక్షులు నేల కాగుతున్న కొద్దీ పైకి లేస్తాయి. వేడిగాలి ఇంకా బలపడని ఆ వేళలో అవి కంటికి అందే ఎత్తులో ఉంటాయి. మధ్యాహ్నానికి థర్మల్స్, అంటే కాగిన నేల నుంచి లేచే వేడిగాలి స్తంభాలు, బాగా ఎత్తుకు పోతాయి. వాటితో పాటే గద్దలూ చుక్కలై కనబడకుండా పోతాయి. పైగా మన అక్షాంశం దగ్గర మార్చి చివరికే మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు. తల పైకెత్తి చూడటం కంటికే ప్రమాదం. ఓపిక ఉంటే సాయంత్రం 3:30 నుంచి 5:30 వరకు రెండో విడత పెట్టుకోండి. రెండు విడతల లెక్కలను మాత్రం కలపవద్దు.

## 2. చోటు ఎంచుకోవడం

చాలామంది చేసే మొదటి పని ఎత్తైన కొండ ఎక్కడం. వెలిగొండల దగ్గర అది అవసరం లేదు, చాలాసార్లు నష్టం కూడా. ఈ కొండల వరుస మొత్తం మీద ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. పొద్దున్నే ఎండ తగిలేది తూర్పు చరియకు. తొలి గద్దలు లేచేది కూడా ఆ వైపే. చరియ మీదే కూర్చుంటే ఎండకు ఎదురుగా చూడాలి, వెనక శిఖరం సగం ఆకాశాన్ని కప్పేస్తుంది.

అందుకే కొండకు తూర్పున, మైదానంలో, చరియ నుంచి అర కిలోమీటరుకూ కిలోమీటరున్నరకూ మధ్య దూరంలో ఒక బోడిగుట్టనో ఎత్తైన చెరువు కట్టనో వెతకండి. ఉదయం పడమటికి తిరిగి కూర్చుంటే ఎండ మీ వీపున ఉంటుంది, కొండ అంచు వెలుగులో స్పష్టంగా కనిపిస్తుంది. మధ్యాహ్నం తరువాత సముద్రపు గాలి లోపలికి వచ్చి తూర్పు చరియకు కొట్టుకుని పైకి లేస్తుంది. అప్పుడు కూడా గద్దలు ఆ అంచునే పట్టుకుని జారతాయి.

ఉదయగిరి, సీతారామపురం పరిసరాలు, పెంచలకోన దారి, ప్రకాశం వైపు భైరవకోనకు వెళ్లే దారి, ఇవన్నీ వెతకదగ్గ చోట్లే. నల్లమల వైపు వారు గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే కనుమ ముఖాన్ని చూడవచ్చు. ఎక్కడైనా ఈ ప్రశ్నలు వేసుకోండి:

- దక్షిణం వైపు కనీసం రెండు మూడు కిలోమీటర్ల దాకా కొండ అంచు కనిపిస్తుందా? వసంతంలో పక్షి వచ్చేది అటునుంచే.
- ఉత్తరానికి వెళ్లే పక్షిని చివరి దాకా చూడగలమా?
- ఉదయం పదికల్లా నీడ దొరుకుతుందా? లేకపోతే గొడుగు నిలబెట్టే వీలుందా?
- దగ్గర్లో చెత్తకుప్ప, కోళ్ల ఫారం, మాంసం దుకాణాలు ఉన్నాయా? ఉంటే ఊరి గద్దలు రోజంతా అక్కడే తిరుగుతూ లెక్కను చెడగొడతాయి. ఆ చోటు వద్దు.
- వచ్చే ఏడాది కూడా ఇదే చోటుకు రాగలమా?

చివరి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యం. గొప్ప చోటులో ఒక్క ఏడాది చేసిన లెక్క కన్నా, మామూలు చోటులో ఏటా ఒకే పద్ధతిలో చేసిన లెక్క వందరెట్లు మేలు.

## 3. అనుమతి, భద్రత

పెంచలకోన చుట్టూ శ్రీ పెనుశిల నరసింహ అభయారణ్యం ఉంది. నల్లమలలో పెద్ద భాగం నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. అడవి హద్దు లోపల కూర్చోవాలంటే అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో రాతపూర్వక అనుమతి తీసుకోవాల్సిందే.

అడవి బయట కూర్చున్నా సరే, బీట్ ఆఫీసరుకూ ఊరి పెద్దలకూ ముందే చెప్పండి. రాపూరు, వెంకటగిరి వైపు ఎర్రచందనం అడవులు. టెలిస్కోపుతో గుట్ట మీద గంటల తరబడి కూర్చున్న కొత్త ముఖాలను ఎవరైనా అనుమానిస్తారు, అది సహజమే. గుర్తింపు కార్డు, ఏ పని మీద వచ్చారో రాసిన ఒక కాగితం, ఒక పక్షుల పుస్తకం దగ్గర ఉంచుకోండి. డ్రోన్ తీసుకెళ్లవద్దు.

ఒంటరిగా వెళ్లవద్దు. ఈ కొండల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి, తెల్లవారుజామున, సందెవేళ తిరుగుతాయి. వెలుతురు బాగా వచ్చాకే గుట్ట ఎక్కండి, చీకటి పడకముందే దిగండి. కూర్చునే ముందు రాళ్ల సందులను కర్రతో తట్టి చూడండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో అడవి తగలబడే ప్రమాదం ఎక్కువ. పొయ్యి, బీడీ, సిగరెట్ ఏదీ వద్దు. గాలి వచ్చే వైపు పొగ కనిపిస్తే లెక్క ఆపి వెంటనే దిగిపోండి.

## 4. సామాను

- బైనాక్యులర్. 8×42 అయినా 10×42 అయినా సరే. కొండ అంచు దూరంగా ఉంటుంది గనుక కొత్తగా కొనేవారు 10×42 తీసుకోవచ్చు. చేయి వణికేవారికి 8×42 మేలు.
- టెలిస్కోపు, ట్రైపాడ్. ఉంటే మంచిదే, లేకపోయినా లెక్క ఆగదు.
- చేతి లెక్కల మీట, అంటే నొక్కితే అంకె పెరిగే చిన్న కౌంటర్.
- గట్టి అట్ట, ముందే గీతలు గీసిన కాగితాలు, రెండు పెన్సిళ్లు. చెమట తగిలినా పెన్సిల్ రాత చెదరదు.
- దిక్సూచి. ఫోనులో ఉన్నదైనా సరే.
- వెనక్కి వాలే మడత కుర్చీ. మెడ నొప్పి పెడితే చూపు నిలవదు.
- మనిషికి నాలుగు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, మజ్జిగ.
- అంచున్న టోపీ, పొడుగు చేతుల చొక్కా, ముదురు రంగు గొడుగు.

తల తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం, చెమట ఆగిపోవడం వడదెబ్బ గుర్తులు. ఇవి కనిపిస్తే ఎన్ని పక్షులు వస్తున్నా లెక్క అక్కడితో ముగించి, మనిషిని నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

## 5. ముందుగా స్థానిక పక్షులతో పరిచయం

ఈ మెట్టును దాటేసేవారే ఎక్కువ. లెక్క చెడేది కూడా ఇక్కడే. లెక్క మొదలుపెట్టే ముందు కనీసం రెండు ఉదయాలు అదే చోట కూర్చుని, అక్కడే ఉండే వేట పక్షుల జాబితా రాయండి. జాలె డేగ, పాముల గద్ద, నల్ల పాముల గద్ద, తేనె గద్ద, తెల్లకన్ను బజార్డ్, గరుడ పక్షి, మామూలు గద్ద ఏడాది పొడవునా ఇక్కడ ఉండేవే. ఒక్కొక్కటి ఏ చెట్టు మీద వాలుతుంది, ఏ చరియ మీద తిరుగుతుంది అనేది కాగితం మీద బొమ్మ గీసి గుర్తు పెట్టండి.

ఈ కాలంలోనే చాలా స్థానిక గద్దలు జోడు కడతాయి, ఆకాశంలో విన్యాసాలు చేస్తాయి. తేనె గద్ద రెక్కలు నడినెత్తికి చేర్చి గాలిలో ఆగి ఆగి కొట్టుకోవడం చూస్తే అది వలస పక్షి కాదని రాసుకోండి. పుల్లలు మోసేది, అరుస్తూ చుట్టూ తిరిగేది, చెట్టు మీద వాలి అక్కడే ఉండిపోయేది, మరో గద్దను తరిమేది, ఇవన్నీ స్థానికంగా ఉండే పక్షి లక్షణాలు.

వలస పక్షి తీరు వేరు. వేడిగాలిలో చుట్లు తిరిగి ఎత్తు సంపాదిస్తుంది. ఆ తరువాత రెక్కలు కొంచెం ముడిచి ఒకే దిక్కుగా జారిపోతుంది. కిందికి చూసి వేట కోసం ఆగదు, వెనక్కి రాదు.

## 6. ఆకాశాన్ని వెతకడం

బైనాక్యులర్‌ను ముందు దూరపు కొండ అంచు మీద ఫోకస్ చేయండి. ఖాళీ ఆకాశాన్ని చూస్తున్నప్పుడు కంటికి ఆనవాలు ఏదీ ఉండదు. తెలియకుండానే చూపు దగ్గరి దూరానికి సర్దుకుంటుంది, దూరపు చుక్క కనిపించదు. అయిదు నిమిషాలకోసారి మళ్లీ కొండ మీద ఫోకస్ సరిచూసుకోండి.

తరువాత ఈ వరుసలో చూడండి:

1. దక్షిణం కొస నుంచి ఉత్తరం కొస దాకా కొండ అంచు వెంబడి మెల్లగా. కొండ అంచు కటకంలో కింది సగంలో ఉండాలి.
2. తిరుగు చూపులో అంతకు ఒక మెట్టు పైన.
3. మూడో చూపులో ఇంకో మెట్టు పైన.
4. బైనాక్యులర్ దించి, ఉత్త కళ్లతో నడినెత్తి చుట్టూ.
5. వెనక్కి తిరిగి తూర్పు మైదానం మీద ఒక చూపు. పిల్లిగద్దలు కొండను పట్టించుకోకుండా పొలాల మీదుగా తక్కువ ఎత్తులో పోతాయి.

తెల్లమబ్బు మీద చుక్క సులువుగా తెలుస్తుంది, నీలాకాశంలో కష్టం. మబ్బులున్న రోజు కనబడిన సంఖ్యను, మబ్బులేని రోజు సంఖ్యను ఆలోచించకుండా పోల్చకూడదు. మబ్బు ఎంత ఉందో రాయమనేది అందుకే.

పక్కవారికి పక్షిని చూపించడానికి ముందే గుర్తులు పెట్టుకోండి. కొండ అంచు బొమ్మ గీసి గుడి శిఖరం, సెల్ టవర్, ఒంటి తాడి, పగిలిన బండ అని పేర్లు రాయండి. చాచిన చేతి పిడికిలి దాదాపు పది డిగ్రీలు. "టవర్‌కు ఎడమ, పిడికిలి పైన" అంటే ఇద్దరూ ఒకే చోట చూస్తారు. "అదిగో, అక్కడ!" అంటే అయిదు సెకన్లలో పక్షి చేజారిపోతుంది.

బైనాక్యులర్‌ను సూర్యుడి వైపు తిప్పవద్దు. గద్ద సూర్యుడి దగ్గరికి పోతే దాన్ని వదిలేయండి.

## 7. లెక్క గీత

ఇది ఈ పని అంతటికీ గుండెకాయ. మీరు కూర్చున్న చోటు నుంచి తూర్పు పడమరలుగా ఆకాశంలో ఒక గీత ఉందనుకోండి. పడమట కొండ అంచు మీద ఒక గుర్తు, తూర్పున మైదానంలో ఒక గుర్తు దానికి రెండు కొసలు. దిక్సూచితో సరిచూసి, ఆ రెండు గుర్తులనూ సీజను అంతా మార్చకండి.

- దక్షిణం నుంచి వచ్చి గీత దాటి ఉత్తరానికి వెళ్లిన పక్షి: ఒకటి కలపండి.
- గీత దాటి, మళ్లీ దక్షిణానికి తిరిగి వచ్చిన పక్షి: ఒకటి తీసేయండి.
- గీతకు దక్షిణంగానే చుట్లు తిరుగుతున్న పక్షి: ఇంకా లెక్కలోకి రాలేదు. కాచుకుని ఉండండి.
- వాలిపోయిన పక్షి: లెక్కలోకి రాదు. "వాలింది" అని వివరాల్లో రాయండి.
- ఉత్తరం నుంచి దక్షిణానికి పోయిన పక్షి: వేరే గడిలో రాయండి.

గుంపు వచ్చినప్పుడు చుట్లు తిరుగుతుండగా లెక్కపెట్టవద్దు. తిరుగుతున్న గుంపులో ఒకే పక్షి రెండుసార్లు కంటపడుతుంది, లోపలి పక్షి దాక్కుంటుంది. థర్మల్ పైకొసకు చేరాక అవి ఒకదాని వెనక ఒకటి వరుసగా జారడం మొదలుపెడతాయి. లెక్క అప్పుడు తీయండి, మీట అప్పుడు నొక్కండి. ఫోటో తీయగలిగితే అదే సమయంలో తీసి, ఇంట్లో తెర మీద సరిచూసుకోండి. అయితే కెమెరా పట్టినవారు లెక్క పట్టకూడదు, అది వేరే మనిషి పని.

ఇద్దరున్నప్పుడు ఒకరు చూసి చెప్పాలి, ఒకరు రాయాలి. అరగంటకోసారి మారండి. ముగ్గురుంటే మూడో మనిషి తూర్పు మైదానాన్ని చూడాలి. ఎంతమంది ఉన్నా లెక్క ఒక్కరిదే. ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టి చివర కలిపితే ఒకే గద్ద రెండుసార్లు వస్తుంది.

## 8. గుర్తుపట్టే వరుస

రంగుతో మొదలుపెట్టవద్దు. ఎదురెండలో అన్నీ నల్లగానే ఉంటాయి. పరిమాణాన్నీ నమ్మవద్దు, దూరం తెలియనిదే పరిమాణం తెలియదు. ఆకారం, రెక్క పట్టే తీరు, తోక, చివరగా రంగు. ఈ వరుసను అలవాటు చేసుకోండి.

పిల్లిగద్దలు. పొడవాటి సన్నటి రెక్కలు, పొడవాటి తోక. జారేటప్పుడు రెక్కలు పైకి లేచి వెడల్పాటి 'వి' ఆకారంలో ఉంటాయి. తోక మొదట్లో తెల్లటి పట్టీ కనిపిస్తే పాలిడ్ లేదా మాంటెగూ అనే పిల్లిగద్ద జాతుల ఆడపక్షి, లేక పిల్ల. దూరం నుంచి ఆ రెండింటినీ విడదీయడం నిపుణులకే కష్టం. "పాలిడ్ లేదా మాంటెగూ" అని రాయడంలో తప్పేమీ లేదు. పట్టీ లేకుండా, కొంచెం బరువైన ఒంటితో, తల మీద మీగడ రంగుతో ఉంటే చెరువుల మీద తిరిగే మార్ష్ పిల్లిగద్ద. ఈ జాతి పక్షులు రెక్కలాడిస్తూ కూడా చాలా దూరం పోగలవు గనుక పొద్దున్నే, థర్మల్స్ లేవకముందే బయలుదేరతాయి. 7:30కే కూర్చోమన్నది వీటి కోసమే. ఇక్కడి నుంచి వాటి దారి కజకిస్థాన్ గడ్డిమైదానాల వైపు.

బూటెడ్ ఈగిల్. చతురస్రంగా తెగినట్టున్న తోక, రెక్క కొసన ఆరు వేళ్లు, అంటే వేళ్లలా విడివడి కనిపించే ఈకలు. లేత రంగు పక్షికి కింద రెక్క ముందు సగం తెలుపు, వెనక సగం నలుపు. ఎదురుగా వచ్చేటప్పుడు మెడకు రెండు వైపులా, రెక్క మొదట్లో రెండు తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. ముదురు రంగు పక్షిని మామూలు గద్దగా పొరబడటం ఎక్కువ. తోక చూడండి.

మామూలు గద్ద. తోక చీలి ఉంటుంది. పూర్తిగా విప్పినప్పుడు చీలిక మాయమై చతురస్రంలా కనిపిస్తుంది. అందుకే కొన్ని క్షణాలు ఎక్కువ చూడాలి. ఎగురుతూ తోకను అటూ ఇటూ మెలితిప్పుతుంది, బూటెడ్ ఈగిల్ అలా చేయదు.

తేనె గద్ద. పావురానిలాంటి చిన్న తల, ముందుకు సాగిన మెడ. రంగు ఏదైనా కావచ్చు, తల ఆకారం మారదు.

పాముల గద్ద. కింద తెల్లగా, పెద్ద తలతో, గాలిలో ఒకే చోట నిలిచి వేటాడుతుంది. నల్ల పాముల గద్దకు రెక్క వెనక నల్ల అంచుకు లోపలగా వెడల్పాటి తెల్ల పట్టీ. రెండూ ఎక్కువగా స్థానికమే.

కెస్ట్రెల్. మొనదేలిన రెక్కలు, పొడవు తోక, గాలిలో నిలవడం. వలసపోయేదే. పెరిగ్రిన్ ఛాతీ దగ్గర బరువుగా, లంగరు ఆకారంలో ఉంటుంది. కొరమీను గద్ద కింద తెల్లగా, రెక్కల మణికట్టు ముందుకు వంగి 'ఎం' అక్షరంలా కనిపిస్తుంది.

పెద్ద ఈగిల్స్. ఏడు వేళ్లు, పలకల్లాంటి రెక్కలు. స్టెప్పీ ఈగిల్ లాంటివి ఇక్కడ అరుదు. ఫోటో లేకుండా పేరు రాయకండి.

ఒక హెచ్చరిక. నేలపట్టు, పులికాట్ వైపు నుంచి గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, ఎర్రకాళ్ల కొంగలు ఇవే థర్మల్స్‌లో చుట్లు తిరుగుతాయి. తెల్లటి ఒళ్లు, నల్లటి రెక్క అంచు చూసి తొందరపడవద్దు. కొంగ మెడ ముందుకు, కాళ్లు వెనక్కి చాచి ఉంటాయి. గూడబాతు ముక్కు దూరం నుంచే తెలుస్తుంది.

పేరు తేలకపోతే "గుర్తుపట్టని పిల్లిగద్ద", "గుర్తుపట్టని పెద్ద గద్ద", "గుర్తుపట్టని డేగ" అని రాయండి. గుర్తుపట్టనివి ఒక్కటీ లేని లెక్క కాగితాన్ని నేను నమ్మను.

## 9. గంటకో పేజీ

ప్రతి గంటకూ కొత్త పేజీ. పైన ఇవి:

- తేదీ, మొదలైన సమయం, ముగిసిన సమయం
- చూసేవారి సంఖ్య
- గాలి దిక్కు, బలం. పొగ నిటారుగా లేస్తే 0, ఆకులు గలగలలాడితే 2, దుమ్ము, కాగితాలు లేస్తే 4
- మబ్బు, ఎనిమిదిలో ఎన్ని వంతులు
- ఎంత దూరం కొండ స్పష్టంగా కనిపిస్తోంది

కింద గడుల్లో: నిమిషం, పక్షి, సంఖ్య, వెళ్లిన దిక్కు, ఎత్తు, వివరం. ఉదాహరణకు ఒక వరస ఇలా ఉంటుంది: "8:42 – పిల్లిగద్ద, తెల్ల పట్టీ – 1 – వాయవ్యం – తాడిచెట్టు ఎత్తు – రెక్కలాడిస్తూ పోయింది."

మధ్యలో పదిహేను నిమిషాలు భోజనానికి లేస్తే ఆ పదిహేను నిమిషాలు కూడా రాయండి. చివరకు పనికొచ్చేది మొత్తం సంఖ్య ఒక్కటే కాదు, చూసిన గంటకు ఎన్ని పక్షులు అన్నది.

## 10. తరచూ జరిగే తప్పులు, సవరణలు

ఒక అందమైన గద్ద వెంట పది నిమిషాలు కళ్లు పోతాయి. గీత దాటగానే దాన్ని వదిలి మళ్లీ దక్షిణం కొసకు రండి.

పక్షులు లేవని చోటు మార్చడం. ఆ రోజుకు మార్చవద్దు. సీజను అయ్యాక ఆలోచించండి.

సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాయడం. అది లెక్క కాదు. చూసిన నిమిషంలో రాయనిది వదిలేయండి.

"సుమారు 30" అని గుండ్రంగా రాయడం. 27 అయితే 27 అని రాయండి. గుంపు పెద్దదైతే మొదట పదింటిని లెక్కపెట్టి, ఆ పదీ ఆకాశంలో ఎంత మేర ఉన్నాయో చూసి, ఆ మేరతో మిగతా గుంపును కొలవండి. పక్కన "అంచనా" అని రాయండి.

ఒకే గద్ద రోజూ లెక్కలోకి రావడం. రెక్క ఈక ఊడిన పక్షి, విరిగిన తోక ఉన్న పక్షి కనిపిస్తే వివరం రాయండి. మరునాడు అదే సమయానికి అదే పక్షి వస్తే అది స్థానికమే. పాత లెక్కను దిద్దండి.

మంచి రోజుల్లోనే వెళ్లడం. వారంలో ఏ రోజులో ముందే నిర్ణయించుకుని, గాలి ఎటున్నా ఆ రోజుల్లోనే వెళ్లండి. వాన, ఈదురుగాలి వస్తే మానేసి, ఎందుకు మానేశారో రాయండి.

## 11. ఇంటికి వచ్చాక

ఆ రాత్రే కాగితాల ఫోటో తీసి భద్రపరచండి. తరువాత ఈ-బర్డ్‌లో, అంటే పక్షులు చూసేవారు తమ జాబితాలు నమోదు చేసే వెబ్‌సైట్‌లో, గంటకో జాబితాగా, ఒకే చోట కూర్చుని చూసిన "స్టేషనరీ" పద్ధతి కింద ఎక్కించండి. ఆ గంటలో కనిపించిన కాకి, గోరింక, పాలపిట్టలతో సహా అన్నిటినీ రాసి ఉంటేనే పూర్తి జాబితా అని గుర్తు పెట్టండి. గద్దలను మాత్రమే రాసి ఉంటే పూర్తి కాదనే చెప్పండి. లెక్క గీత, వెళ్లిన దిక్కు, స్థానికం అనుకున్న పక్షుల సంఖ్య వ్యాఖ్యల గడిలో పెట్టండి. విడదీయలేని పిల్లిగద్దలకు అక్కడ రెండు పేర్లు కలిసిన ఎంట్రీ దొరుకుతుంది, దాన్నే వాడండి.

గద్ద గూడు కనబడితే దాని చోటును బయటపెట్టవద్దు, ఫోటోలో వెనక గుర్తులు తెలియనివ్వవద్దు. సీజను ముగిశాక లెక్క నకలు ఒకటి మీకు అనుమతి ఇచ్చిన రేంజ్ ఆఫీసులో ఇవ్వండి. కొండ అంచు బొమ్మ, లెక్క గీత గుర్తులు, స్థానిక పక్షుల పటం ఒకే కవరులో పెట్టి దాచండి. వచ్చే ఫిబ్రవరిలో మీ స్థానంలో మరొకరు కూర్చున్నా అదే గీతను పట్టుకోగలగాలి.